ఉపదేశమున విధియుఁ బ్రార్థనయు

లోకమున సులభముగా దొరకు వస్తువులలో హితవచనము మొదటిది. అడిగినను అడుగకున్నను మేలు చెప్పువారు ప్రతిగ్రామమునను గలరు. చెప్పినదానిని జెవిఁబెట్టువారు మాత్ర మరుదు. ఇందులకు వినువారి మౌఢ్యమే కారణమని చెప్పెడివారు తలఁతురు. ఆ తలంపు సర్వత్ర సరియైనది కాదు. చెప్పెడివాని యనుభవము పండినకొలఁది వాని మాట యణఁకువను, అణఁకువవలన లోఁతును బొందును. అట్టి మాటయే వినువాని హృదయమును జేరును. ఈ యర్థమును మన వ్యాకరణశాస్త్రమును, వాల్మీకిరామాయణమును ఎట్లు చూపుచున్నవో నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. పాఠశాలలలో నీతిపద్యములు బోధించు పండితులకును, ఇంటను ఊరను మంచిచెడ్డలు చెప్పవలసిన పెద్దలకును నిది కొంత యుపకరింపవచ్చును.

మొదట శాస్త్రమును విచారింతము. పాణిని లిఙ్ప్రత్యయమున కర్థములను జెప్పుచు, 3-3-161 సూత్రమున ఆఱింటిని బేర్కొనెను. అవి విధి, నిమంత్రణము, ఆమంత్రణము, అధీష్టము, సంప్రశ్నము, ప్రార్థనము. తరువాతి సూత్రమున లోట్టునకును నవియే యర్థములని చెప్పెను. వృత్తికారులును, భట్టోజిదీక్షితులును వీనిని వివరించిరి. భృత్యాదులను, అనఁగాఁ దనకంటెఁ దక్కువవారిని, పనియందుఁ బ్రవర్తింపఁజేయుట విధి. శ్రాద్ధభోజనమునకు దౌహిత్రుని నియోగించుటవలెఁ దప్పనిసరియైనదానియందుఁ బ్రవర్తింపఁజేయుట నిమంత్రణము. చేయుటయు మానుటయు నీ యిష్టమని యనుజ్ఞ యిచ్చుట ఆమంత్రణము. సత్కారపూర్వకముగాఁ బనియందుఁ బ్రవర్తింపఁజేయుట అధీష్టము. ఏది చేయుదునని నిర్ణయము కొఱ కడుగుట సంప్రశ్నము. యాచించుట ప్రార్థనము. మొదటి నాలుగింటియందును బ్రవర్తన సమానమే గావున దాని నొక్కదానినే చెప్పినఁ జాలుననియు, వేఱువేఱుగాఁ జెప్పుట విస్తరము కొఱకే యనియు దీక్షితులు సెలవిచ్చిరి.

శాస్త్రలాఘవమునకు దీక్షితుల మాట యుక్తమే. లోకవ్యవహారమునకు మాత్ర మా విస్తరమే ప్రాణము. ‘ధైర్యము వహింపుము’ అను నొక్క వాక్యమును యజమానుఁడు సేవకునితో ననవచ్చును. గురువు శిష్యునితో ననవచ్చును. దుఃఖితుఁడు మఱియొక దుఃఖితునితో ననవచ్చును. ధాతు వొక్కటి, ప్రత్యయ మొక్కటి. అయినను మొదటిచోట నది యాజ్ఞ, రెండవచోట శాసనము, మూఁడవచోట వేఁడికోలు. ఈ భేదము శబ్దరూపమునందు లేదు. వక్తకును శ్రోతకును గల సంబంధమునందుఁ గలదు. తెలుఁగునందును ‘చేయుము’ అను రూప మాజ్ఞకును బ్రార్థనకును సమానమే. యజమానుఁడు ‘ఇమ్ము’ అనును. యాచకుఁడును ‘ఇమ్ము’ అనును. రూపసామ్యమునుబట్టి వీరిద్దఱు నొకటే పలికిరని చెప్పువాఁడు పదము నెఱిఁగినవాఁడే కాని వాక్యము నెఱిఁగినవాఁడు గాఁడు.

ఉపదేశకుఁడు సాధారణముగా విధితో నారంభించును. అతనియొద్ద సూత్ర మున్నది. ఎదుటివానియొద్ద లక్ష్య మున్నది. సూత్రమును లక్ష్యమునం దన్వయించినఁ బని ముగిసినదని యతని నమ్మిక. పిమ్మట జీవిత మతనికి అపవాదములను నేర్పును. అపవాదములు తెలిసినవాఁడు ఉత్సర్గమును విడువఁడు. కాని దానిని జెప్పు స్వరము మాఱును. ఈ మార్పునకు రామాయణమునఁ గల నిదర్శనములు క్రమముగాఁ జూడఁదగినవి.

అయోధ్యాకాండమున 105వ సర్గయందు, చిత్రకూటమున రాముఁడు భరతునకుఁ జేసిన యుపదేశము సుప్రసిద్ధము. సంపదలు క్షయించుననియు, కలయికలు వియోగముతో ముగియుననియు, పోయినవారినిగూర్చి శోకింపఁదగదనియు నం దున్న భావములు. ఇది దుఃఖ మెఱుఁగనివాని మాట గాదు. రాముఁ డప్పుడే తండ్రి మరణవార్త విని మూర్ఛిల్లి తేఱినవాఁడు. అయినను ఆ వాక్యములు సూత్రప్రాయముగా నున్నవి, సర్వజనసాధారణములు, సర్వకాలసాధారణములు.

అరణ్యకాండమున సీతను గోల్పోయిన పిదప నా రాముఁడే చెట్టును, మృగమును సీతజాడ యడిగెను. లోకములను సంహరింతునని క్రోధించెను. అప్పుడు 66వ సర్గయందు లక్ష్మణుఁడు పలికిన పలుకులు విచారణీయములు. ఇట్టి హితమును బూర్వము నీవే నాకుఁ బలుమాఱులు బోధించితివనియు, నీకు బోధించుట సాక్షాద్బృహస్పతికైన శక్యమా యనియు, నీ జ్ఞానము శోకముచే నిద్రించుచున్నది గావున దానిని మేల్కొలుపుచున్నాననియు లక్ష్మణుఁ డనెను. ఇందు రెండు విశేషములు గలవు. బోధకుఁడు బోధ్యుఁ డగుట మొదటిది. చిత్రకూటమున నెవని నోట నా సూత్రములు వెలువడెనో యతనికే యవి వినవలసివచ్చెను. సూత్ర మసత్యమై కాదు. శోకకాలమున సూత్రము తనంతఁ దాను మేల్కొననిదై. రెండవ విశేషము లక్ష్మణుని వినయము. తాను క్రొత్తవస్తువు నేదియు నిచ్చుట లేదు, ఉన్నదానిని లేపుచున్నాఁడు. ఉపదేశకుఁడు దాతయని తలఁచుట యొక భ్రాంతి. చాలచోట్ల నతఁడు మేలుకొలుపువాఁడు మాత్రమే.

కిష్కింధాకాండమున 7వ సర్గయం దీ విషయము పరిపాకము నొందినది. సీత జాఱవిడిచిన యుత్తరీయమును, ఆభరణములను జూచి రాముఁడు విలపింపఁగా సుగ్రీవుఁ డతని నోదార్చెను. తనకును భార్యాహరణమువలన గొప్ప వ్యసనము ప్రాప్తించినదనియు, తాను సామాన్యవానరుఁ డయ్యు నిట్లు శోకింపక ధైర్యము వహించి యున్నాననియు నతఁడు చెప్పెను. పిమ్మట చేతులు మోడ్చి, ప్రణయమువలన బ్రతిమాలుచున్నానని పలికెను. అంతతో నాగక, తాను చెప్పునది మిత్రభావమునఁ జెప్పు హితమే కాని యుపదేశము గాదని తేటపఱచెను. హితము చెప్పుచునే ‘ఉపదేశింపను’ అని చెప్పిన యీ మాట మన వాఙ్మయమున నుపదేశవిషయమై వెలువడిన వాక్యములలో నుత్తమమైనదని నా యభిప్రాయము.

వైయాకరణదృష్టితో నీ ఘట్టమును బరిశీలింతము. లక్ష్మణుఁడు చెప్పినదానికిని సుగ్రీవుఁడు చెప్పినదానికిని సారమున భేద మల్పము. రెండింటికిని శోకమును విడువుమనుటయే తాత్పర్యము. కాని సుగ్రీవుఁ డంజలి ఘటించుటచే విధి ప్రార్థన మైనది. అతఁడు సింహాసనమునుండి పలుకలేదు. ఋశ్యమూకమున దాఁగియున్నవాఁడై పలికెను. ఫలమును వాల్మీకియే చూపెను. రాముఁడు కన్నీటితోఁ దడిసిన ముఖమును వస్త్రాంచలముతోఁ దుడుచుకొని, స్వస్థుఁడై, సుగ్రీవునిఁ గౌఁగిలించుకొని, స్నేహితుఁడు చేయఁదగినది చేసితివని ప్రశంసించెను.

ఇక 8వ సర్గను జదువని వానికి 7వ సర్గ సగమే తెలియును. శోకింపకుమని యంతకుముందే చెప్పిన సుగ్రీవుఁడు, వాలివలనఁ దాను పడిన యవమానమును జెప్పఁబూని, కన్నీరు నిండి గొంతు పెగలక నిలిచిపోయెను. కవి దీనిని దాఁచలేదు. శ్రోత యీ చోట సుగ్రీవుఁడు కపటియని తలఁపరాదు. శోకము నెఱిఁగినవాఁడు శోకమును జయించినవాఁ డనుట సత్యము గాదు. దానితోఁ గూడ నిలువనేర్చినవాఁ డనుట సత్యము. ఈ పిమ్మట యుద్ధకాండమున 46వ సర్గయందు, రామలక్ష్మణులు నాగపాశబద్ధులై పడియుండఁగా సుగ్రీవుఁడు మరల నేడ్చెను. అప్పు డతని కన్నులను జలముతోఁ దడిసిన చేతితోఁ దుడిచి ధైర్యము చెప్పినవాఁడు విభీషణుఁడు. అన్నను, లంకను విడిచి వచ్చినవాఁడు. రాముఁడు భరతునకు, లక్ష్మణుఁడు రామునకు, సుగ్రీవుఁడు రామునకు, విభీషణుఁడు సుగ్రీవునకు. ఓదార్పు చేతులు మాఱుచుఁ దిరుగుచున్నది. ఎవ్వఁడును నిత్యోపదేశకుఁడు గాఁడు.

శాస్త్రజ్ఞుల కీ వినయమును బతంజలిమహర్షి మఱియొకరీతిని నేర్పెను. మహాభాష్యమున 2-4-56 సూత్రవ్యాఖ్యయం దొక వైయాకరణుఁడు రథము చూచి, దీనికిఁ ‘బ్రవేత’ యెవఁడని యడుగును. సూతుఁడు తాను ‘ప్రాజిత’ నని బదులు చెప్పును. అది యపశబ్దమని వైయాకరణుఁ డధిక్షేపించును. నీకు సూత్రముచేఁ బ్రాప్తించునది తెలియును గాని, ఇష్టమైన ప్రయోగము తెలియదని సూతుఁ డనును. వైయాకరణుఁడు కోపించి వానిని ‘దురుత’ శబ్దముతో నిందింపఁగా, సూతశబ్దవ్యుత్పత్తి యదికాదని సూతుఁడు మరలఁ దప్పు పట్టును. ఈ కథను వైయాకరణశిరోమణియే వైయాకరణులకుఁ జెప్పుట గమనింపఁదగినది. ప్రాప్తిజ్ఞుఁడు వేఱు, ఇష్టిజ్ఞుఁడు వేఱు. ఏ నీతి యేచోటఁ బ్రాప్తించునో పుస్తకము చెప్పును. ఏచోట నది యిష్టమో, ఏచోట మౌనమే యిష్టమో, దారిని బండి నడపినవాఁడు చెప్పును. భాష్యకారుఁడు తన శాస్త్రమును శబ్దానుశాసన మనుటయు నిందుల కనుగుణమే. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవునట్లు శబ్దము కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోవఁడని యతఁడే చెప్పెను. శబ్దము ముందు లోకమునఁ గలదు. శాసనము వెనుక వచ్చినది. ఉపదేశమునకును జీవితమునకును గల పౌర్వాపర్య మిట్టిదే.

ఇచట నొక పూర్వపక్షము కలుగును. వైద్యునకు జ్వరము వచ్చియుండవలయునా? రోగము ననుభవింపకయే యతఁ డౌషధ మీయలేదా? హితము హితమే, చెప్పువాని యనుభవముతో దానికేమి పని? ఈ యాక్షేపమునఁ గొంత సత్యము గలదు. ఉపాయవిషయమున జ్ఞానమే ప్రమాణము. ఏటిలో నెచట లోఁతున్నదో చెప్పుటకుఁ దాను మునిఁగియుండ నక్కఱలేదు. కాని మనుష్యు లడుగు హితములలోఁ జాలభాగ ముపాయమునుగూర్చి కాదు. ఏమి చేయవలయునో వారికిఁ దెలిసియే యుండును. చేయుటకు బలము చాలకుండును. బిడ్డను గోల్పోయిన తల్లికి జననమరణముల నియమము తెలియదా? ఆమెకుఁ గావలసినది ప్రమేయము గాదు, ధైర్యము. ఈ రెండవ చోటఁ జెప్పువాని యనుభవము వాక్యమున కొక యంగ మగును. వైద్యుఁడు సైతము తాను రోగియై మంచము పట్టి లేచినపిదప నౌషధమును మార్పఁడు; రోగితో మాటలాడు రీతిని మార్చును.

రెండవ పూర్వపక్షము దీనికంటె బలమైనది. అనుభవమును జెప్పుకొనువా రందఱు నమ్మఁదగినవారా? దీనికి నీతికథలే సమాధానము చెప్పుచున్నవి. పరవస్తు చిన్నయసూరి 1853లోఁ బ్రకటించిన నీతిచంద్రికయందలి మిత్రలాభమునను, అంతకుఁ బూర్వము నారాయణపండితుని హితోపదేశమునను గల ముసలిపులి కథ యెల్ల రెఱిఁగినదే. ఆ పులి బాటసారితోఁ దన యౌవనమునఁ జేసిన పాపములను జెప్పుకొనును. భార్యాపుత్రులను గోల్పోయితి ననును. ఒక ధర్మాత్ముని మాటచే మాఱితి ననును. గోళ్లును బండ్లును బోయిన ముసలిదాన ననును. అనుభవము, పశ్చాత్తాపము, వార్ధకము, దానశీలము అన్నియు నందుఁ గలవు. బాటసారి బంగారుకంకణమున కాశించి బురదలో దిగఁబడి చచ్చెను. కావున అనుభవకథనము మాత్రమే వినయమునకు లక్షణ మనినచో నతివ్యాప్తి సంభవించును.

పులికిని సుగ్రీవునకును భేదమేమి? ఇద్దఱును దమ యనుభవమును జెప్పిరి. సుగ్రీవునకును రామునివలనఁ గావలసిన కార్యము గలదు. కాని యతఁ డా కార్యమును దాఁపలేదు. అగ్నిసాక్షిగా సఖ్యము చేసికొని యుభయుల కోరికలును బైటఁ బెట్టెను. పులి కోరిక దానపు ముసుఁగు క్రింద నుండెను. ఇదియుఁ గాక పులి తన యనుభవముచేఁ దన్ను హెచ్చించుకొని, నమ్ముమని కోరెను. సుగ్రీవుఁడు తన యనుభవముచేఁ దన్నుఁ దగ్గించుకొని, సామాన్యుఁడనగు నేనే నిలిచితిని, నీవు నిలువఁగలవని రాముని హెచ్చించెను. అనుభవము వక్తను బెంచుచున్నదా, శ్రోతను బెంచుచున్నదా యనునదే పరీక్ష.

ఈ పరీక్షకు నిలువని మఱియొక విధము పులికంటె నధికముగా నిండ్లలోఁ గనఁబడును. అది ‘నేను పడలేదా, నీవు పడలేవా?’ యను మాట. ఇం దబద్ధము లేదు, కపటము లేదు, అనుభవము గలదు. అయినను ఒక్క లక్ష్యమును జూచి సూత్రము గట్టిన దోష మిందుఁ గలదు. తన కష్టమును గొలమానముగాఁ జేసి యితరుల కష్టమును గొలుచుట యనుభవముయొక్క పాకము గాదు, గట్టిపాటు. నిజముగాఁ బండిన యనుభవము తన కష్టము తనదే యనియు, ఎదుటివాని కష్టము నందుఁ గొంతయే తనకుఁ దెలియుననియు నెఱుఁగును.

అదే మిత్రలాభమునఁ జిత్రగ్రీవుని నడత యుత్తమోదాహరణము. పులికథను జెప్పి నూకల కాశింపవలదని పావురములను వారించినవాఁ డతఁడే. అవి వినక దిగినవి. అతఁడును వానితోఁ గూడ వలలోఁ జిక్కెను. తక్కినవి యాశపెట్టిన పావురమును నిందింపఁగాఁ జిత్రగ్రీవుఁ డా నిందను మాన్పి, అందఱు నొక్కపెట్టున వలతో నెగురుట యుపాయమని చెప్పెను. ‘నేను ముందే చెప్పలేదా’ యను వాక్య మతని నోట రాలేదు. పిమ్మట హిరణ్యకుఁడు తన పాశములను ముందుగాఁ గొఱుకఁబోవఁగా, నాశ్రితుల పాశములను ముందు గొఱుకుమనెను. మొదటి హితము నేలమీఁదకు దిగకముందు చెప్పినది, విధిరూపమైనది, నిష్ఫల మైనది. రెండవది వలలోనుండి చెప్పినది, సఫల మైనది. చెప్పినవాఁ డొక్కఁడే, చెప్పిన చోటు మాఱెను.

భారతమునఁ గూడ నిట్టి రెండు స్థలములు గలవు. ద్యూతసభలో ద్రౌపది ప్రశ్నింపఁగా భీష్ముఁడు ధర్మము సూక్ష్మ మని చెప్పి నిర్ణయింపఁజాలకపోయెను. శరతల్పగతుఁడైన యా భీష్ముఁడే శాంతిపర్వమున ధర్మరాజునకు ధర్మముల నుపదేశించెను. కాని యారంభమున నతఁడు కృష్ణుని యెదుటఁ దాను బోధించుట గురువు నెదుట శిష్యుఁడు మాటలాడుటవంటిదని సంకోచించెను; బంధువధచే లజ్జించుచున్న ధర్మరాజును దగ్గఱకుఁ బిలిచి, భయపడక యడుగుమనెను. అనేక ప్రశ్నలకు విధివాక్యముతోఁ గాక పురాతనేతిహాసములతో బదులు చెప్పెను. ఇఁక ఆశ్వమేధికపర్వమున అర్జునుఁడు యుద్ధారంభమున వినిన యుపదేశమును మఱచితిని, మరలఁ జెప్పుమని కోరఁగా, దానిని యథాతథముగా మరల సంపూర్ణముగాఁ జెప్పుట తనకు శక్యము గాదని కృష్ణుఁడు పలికి, వేఱొక యితిహాసమును జెప్పెను. అనుగీతకు మూలమిదియే. ఉపదేశము వక్త పెట్టెలోఁ దాఁచుకొన్న సొత్తు గాదు. అడిగినవాని యార్తియుఁ, జెప్పినవాని యవస్థయుఁ గలిసిన క్షణమునఁ బుట్టునది. క్షణము మాఱిన దాని రూపము మాఱును.

ఆలంకారికులు సైతము ప్రభుసమ్మితము, సుహృత్సమ్మితము, కాంతాసమ్మితము అని యుపదేశమును మూఁడు విధములుగాఁ జెప్పిరి. మమ్మటుఁడు కావ్యప్రకాశమున, ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమున నీ విభాగము నంగీకరించిరి. వేదము ప్రభువువలె శాసించును. పురాణేతిహాసములు మిత్రునివలెఁ జెప్పును. కావ్యము ప్రియురాలివలె హృదయమును జేరి యొప్పించును. ఇది గ్రంథవిభాగము మాత్రమే యని తలఁపఁబనిలేదు. ఒక్క మనుష్యుని వాక్కే కాలక్రమమున మొదటి రీతినుండి రెండవ, మూఁడవ రీతులకు జరుగవచ్చును. అయినను మొదటిది సర్వథా త్యాజ్యము గాదు. బావిగట్టున నాడుచున్న శిశువును జూచి ప్రార్థించువాఁడు మూర్ఖుఁడు. అచట విధియే కావలయును. ఆపద తత్క్షణమైనచో నాజ్ఞ. ఆపద దీర్ఘమైనచో స్నేహము. ఈ వివేకమును గూడ ననుభవమే యిచ్చును.

ఇట్లయినచో నుపదేశకుఁడు తన కష్టములనే వల్లించుచుండవలయునా? అక్కఱలేదు. ధాతుపాఠమున ‘డుకృఞ్’ అని యుపదేశింపఁబడిన ధాతువు ప్రయోగమున ‘కృ’ యై నిలుచును. ముందున్న ‘డు’వును, వెనుకనున్న ఞకారమును లోపించును. లోపించినను వాని కార్యము నిలుచును: ఞకారమువలన ధాతు వుభయపదియగును, ‘డు’వువలనఁ ‘గృత్రిమ’ శబ్దమునకు మూలమైన ప్రత్యయము వచ్చును. అనుభవ మిట్టి యనుబంధమువంటిది. మాటలో నది వినఁబడ నక్కఱలేదు. మాట చేయు పనియందుఁ గనఁబడినఁ జాలును.

ఈ విచారమువలన బోధకులకుఁ గలుగు ఫలము గొంత గలదు. నీతిపద్యము నప్పగింపఁజేయునపుడు బాలురకు సూత్రమే చేరును. లక్ష్యము వారికి ముప్పదియేండ్ల పిమ్మటఁ దారసిల్లవచ్చును. కావున నప్పుడే యర్థమంతయు నెక్కలేదని కోపింపఁబనిలేదు. నిద్రించు జ్ఞానమును మేల్కొలుపువాఁడు వేఱొకఁడు వచ్చును. నిద్రించుటకైన నది లోపల నుండవలయునుగదా! దానిని లోపలఁ బెట్టుట బోధకుని పని. కష్టములో నున్నవాఁడు మనయొద్దకు వచ్చినపుడు మాత్రము, లిఙర్థములలో నేది యచట వివక్షితమో యొక నిమిష మాలోచించి నోరు తెఱచుట మేలు. చాలచోట్ల మొదట రావలసినది విధి గాదు, సంప్రశ్నము: నీకేమి తోఁచుచున్న దని యడుగుట. అతఁడు చెప్పినదానిని బూర్తిగా విన్న పిదపఁ జెప్పవలసినది మిగిలియున్నచోఁ బ్రార్థనముగాఁ జెప్పవచ్చును. మిగులకున్నచో నతనికడ ఊరకకూర్చుండుటయు హితమే. విద్వాంసులు దీనిఁ బరిశీలించి, వేఱు లక్ష్యము లున్నచోఁ జూపుదురు గాక.